మా అక్కను పిలిచిన సైకిలు

మీ భార్యను మీరు ఏమని పిలుస్తారు? తడుముకోకుండా చెప్పండి. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ మంచినీళ్ళు అడిగారు కదా, అప్పుడు ఏమన్నారు? పేరు పెట్టి పిలిచారా? ‘ఇదిగో’ అన్నారా? ‘ఏమే’ అన్నారా? పిల్లల్ని అడ్డం పెట్టుకుని ‘మీ అమ్మ ఏదిరా’ అన్నారా?

మా బావ ఆపాటి మాట కూడా వాడేవాడు కాదు. నాలుక అంగిటికి ఆనించి ‘ట్చ్’ అనేవాడు. ఆ చప్పుడు విని మా అక్క వంటింట్లోంచి వచ్చేది. మంచినీళ్ళకి ఒక రకం ‘ట్చ్’, తువ్వాలుకి ఒక రకం, వాకిట్లోకి ఎవరో వచ్చారు చూడమనడానికి మరో రకం. నాకు అన్నీ ఒకలాగే వినిపించేవి. అక్కకు తేడా తెలిసేది. బావ వాళ్ళమ్మకు కూడా తెలిసేది. ఆవిడను ఆవిడ భర్త కూడా జీవితమంతా అలాగే పిలిచాడట.

‘అక్కకు పేరు లేదా బావా?’ అని ఒకసారి అడిగాను.

‘ఎందుకు నేదు? రేషను కార్డులో ఉంది, సూసుకో’ అన్నాడు.

నేను నవ్వలేదు. ఆ వయసులో నాకు నవ్వు తక్కువ. పాత పోస్టాఫీసు దగ్గర ఒక మేడ మీద ఆదివారాలు జరిగే చర్చాసభల్లో పెరిగినవాణ్ణి. దేవుడి మీద, కులం మీద, ముహూర్తాల మీద అక్కడ గొంతులు చించుకునేవాళ్ళం. ఎదుటివాడి వాక్యం పూర్తికాకముందే దాన్ని ఖండించే వాక్యం నా నోట్లో తయారుగా ఉండేది. బావతో మాత్రం ఎప్పుడూ గెలవలేదు. వాదన మంచి పట్టులో ఉండగా నా కంచంలో ఇంకో చేపముక్క వేసేవాడు. నాస్తికుణ్ణయ్యానని నాన్న నన్ను ఇంట్లోంచి పొమ్మన్న రోజుల్లో అన్నం పెట్టిన ఇల్లు అది. ఆ మాట చెప్పకుండా ఈ సంగతి రాస్తే బావకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

బావ స్టీలు ప్లాంటులో పనిచేసేవాడు. ఇల్లు గాజువాక దగ్గర, రెండు వరసల ఇళ్ళ మధ్య ఆటో పట్టనంత సందులో. తోటివాళ్ళంతా మోటారు సైకిళ్ళు కొనుక్కున్నా తను మాత్రం ఎత్తైన నల్ల సైకిలు మీదే డ్యూటీకి వెళ్ళేవాడు. మధ్యలో అడ్డకమ్మి ఉన్న పాతరకం సైకిలు. వర్షం వచ్చినా, సముద్రం మీంచి ఉప్పుగాలి కొట్టినా అది ఆరుబయటే ఉండేది. కిందటి ఎండాకాలంలో గుండె ఆగి బావ పోయాడు. సైకిలు మెట్ల కింద ఉండిపోయింది.

అక్క బట్టలు కుడుతుంది. జాకెట్లు, చీరల ఫాల్సు, పిల్లల గౌన్లు. గిరాకీ అంతా ప్లాంటు టౌన్‌షిప్పు క్వార్టర్సులో ఉంది. బట్టలు వాళ్ళింటికి వెళ్ళి తెచ్చుకోవాలి, కుట్టినవి వాళ్ళింటికి తీసుకెళ్ళి ఇవ్వాలి. బావ ఉన్నంతకాలం డ్యూటీకి వెళ్తూ వస్తూ ఆ సంచి ఆయనే మోసేవాడు. ఇది ఆయనకు పనిగా అనిపించేది కాదు. ఆయన పోయాక ఆ సంచి ఎవరు మోయాలి? వానలు మొదలైన రోజుల్లో అక్క మెట్ల కింద సైకిలు బయటికి లాగి, దుమ్ము తుడిచి, తనకు అందేలా సీటు బాగా కిందికి దింపించుకుని, చుడీదారు వేసుకుని, అడ్డకమ్మి మీదుగా కాలు వేసి ఎక్కింది. చిన్నప్పుడు పోర్టు క్వార్టర్సులో నాకు సైకిలు నేర్పింది అక్కే. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవాడు. ఆడపిల్లకు సైకిలేమిటని ఆయన అడగలేదు. అడిగినవాళ్ళు తరవాత దొరికారు.

అక్క ఎక్కి తొక్కడం మొదలుపెట్టిన రోజే చప్పుడు మొదలైంది.

అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోందట. అక్క సందు మలుపు తిరిగింది. తొక్కు పడినప్పుడల్లా సైకిలు ‘ట్చ్’ అంది. క్షణం ఆగి మళ్ళీ ‘ట్చ్’. అత్తయ్య ఒళ్ళో చేట జారిపోయింది.

‘ఓలమ్మా, ఆడే’ అంది.

మర్నాటికి సందంతా తెలిసింది. పక్కింటావిడ తన ఫోన్లో ఆ చప్పుడు రికార్డు చేసింది. ఆ రికార్డు బంధువులందరి ఫోన్లలోకీ వెళ్ళింది. విన్నవాళ్ళందరూ అచ్చం ఆయనే అన్నారు. ఎందుకు పిలుస్తున్నాడన్నది తరవాతి ప్రశ్న. దానికి జవాబు వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. పెళ్ళాం బయటికి వెళ్ళడం ఇష్టంలేక వెనక్కి పిలుస్తున్నాడు!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. చచ్చిపోయినవాళ్ళు ఆడవాళ్ళతో ఎప్పుడూ ఒకే మాట ఎందుకు చెబుతారు? ఇంట్లో ఉండు, గడప దాటకు, రంగుచీర కట్టకు. ‘వెళ్ళు, నీ పని చూసుకో, మంచి గిరాకీ సంపాదించుకో’ అని చెప్పిన దయ్యం గురించి మీరు ఎన్నడైనా విన్నారా? బతికున్న మగవాళ్ళకు ఏది ఇష్టమో సరిగ్గా అదే చచ్చినవాళ్ళకూ ఇష్టమవడం చూసి మనకు అనుమానం రాదా?

తగరపువలసలో బావకు పెదనాన్న ఉన్నాడు. ఆ కుటుంబానికి ఆయనే పెద్ద. ఆయనా ఆ రికార్డు విన్నాడు. ఆదివారం వస్తాను, సైకిలు పట్టుకెళ్ళి పాత ఇనుముకి వేసేస్తాను, అంతదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు అని కబురు చేశాడు. అత్తయ్య సరేనంది.

ఆ సాయంత్రమే అక్క నాకు ఫోను చేసింది. అత్తారింటికి వెళ్ళిన ఇన్నేళ్ళలో అక్క మాట పూర్తిగా ఆ సందు మాటైపోయింది.

‘ఒరే, సైకిలు పోతే నా పని పోద్ది. పని పోతే నానూ ఆ గుమ్మంలో కూకోని సింతపండు గింజలు తియ్యాల. నువ్వు బేగి రా. వచ్చి మాట్లాడకు. మాట్లాడ్డం నీకు బాగా వచ్చని అందరికీ తెలుసు. ఆ సౌండేటో కనిపెట్టు, సాలు.’

‘నీకు భయంగా ఉందా అక్కా?’

‘మీ బావ పిలిత్తే నానాగిపోతానేటి? బతికున్నప్పుడే నాలుగోసారికి గాని పలికీదాన్ని కాదు.’

నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగు సెంటర్ల మేడకు పక్కన అద్దెకుంటాను. మర్నాడు శుక్రవారం బస్సెక్కి గాజువాకలో దిగాను. దారంతా నాకు ఒక్కటే ఆలోచన. ఆ సైకిలు హ్యాండిలుకి దిష్టి తగలకుండా అత్తయ్య ఎప్పుడో కట్టిన నల్లతాడు ఉంది. దానికి ఒక గవ్వ, ఒక రాగిరేకు వేలాడుతుంటాయి. గవ్వ ఇనుముకి తగిలితే ఏ చప్పుడు వస్తుంది? ‘ట్చ్’ అని కాక ఇంకేమని వస్తుంది! కీడు తప్పించడానికి కట్టిన తాయెత్తే కీడులా వినిపిస్తోందన్నమాట. బస్సు షీలానగర్ దాటేసరికి దీని మీద ఒక వ్యాసం మనసులో సగం రాసేశాను. ముగింపు వాక్యం కూడా దొరికింది.

వాకిట్లో సైకిలు నిలబెట్టి, అత్తయ్యను పిలిచి, ‘ఈ తాడు విప్పుతాను. చప్పుడు ఆగిపోతుంది చూడండి’ అన్నాను.

‘ఆగకపోతే?’ అంది అత్తయ్య.

‘ఆగకపోతే నా చేత్తో నేనే మళ్ళీ కడతాను.’

పక్కింటివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. తాడు విప్పి అత్తయ్యకు ఇచ్చాను. అక్క ఎక్కి సందు చివరిదాకా వెళ్ళి వచ్చింది. ట్చ్. ట్చ్. ట్చ్. పోనుపోను ఇంకా స్పష్టంగా.

‘ఏటి బాబూ, మీ సైన్సు ఆడికి సెప్పనేదేటి?’ అంది అత్తయ్య. నవ్వుతూనే అంది, తాడు నా చేతిలో పెట్టి.

పాతికేళ్ళుగా తాయెత్తులకు వ్యతిరేకంగా రాస్తున్న ఈ చేత్తో ఆ హ్యాండిలుకి తాయెత్తు కట్టాను. ముడి వదులుగా ఉందని అత్తయ్య మళ్ళీ వేయించింది. మాటిచ్చాక తప్పుతుందా? పరీక్ష పెట్టినవాడు ఫలితాన్ని కూడా తీసుకోవాలి. నాకు నచ్చిన కారణం నేను ముందే ఎంచుకుని బస్సెక్కాను. అది సైకిలు తప్పు కాదు.

తరవాత నేనే తొక్కి చూస్తానన్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయని పానాతో బోల్టు వదులుచేసి సీటు పైకి లేపుకున్నాను. నాదీ బావ ఎత్తే. సందు చివరికి వెళ్ళాను, వచ్చాను. మెయిన్‌రోడ్డు దాకా వెళ్ళాను, వచ్చాను. చెవులు రిక్కించి విన్నాను. సైకిలు కిమ్మనలేదు.

అక్క కోసం సీటు మళ్ళీ దింపాను. అక్క తొక్కింది. ట్చ్.

‘నిన్నెందుకు పిలుత్తాడు బాబూ?’ అంది అత్తయ్య. ‘నువ్వు ఆడి పెళ్ళానివేటి?’

సందంతా గొల్లుమంది. అక్క కూడా నవ్వింది. నేను మాత్రం చమటలు కక్కుకుంటూ నిలబడ్డాను. ఒప్పుకోవాలి, ఆ పూట సాక్ష్యమంతా దయ్యం వైపే ఉంది. చప్పుడు అక్క ఎక్కాకే మొదలైంది, నిజం. అక్క తొక్కితేనే వస్తోంది, నిజం. నేను తొక్కితే రావడం లేదు, అదీ నిజం. అత్తయ్య చూసిన వాటిలో ఒక్కటీ అబద్ధం లేదు. మా చర్చాసభలో అయితే ఇలాంటి చోట గొంతు పెంచేవాళ్ళం. ఇక్కడ గొంతు పెంచినా చప్పుడు తగ్గదు.

శనివారం పొద్దున్నే సైకిలు నడిపించుకుంటూ మెయిన్‌రోడ్డు మీది మెకానిక్కు దగ్గరకు వెళ్ళాం, అక్కా నేనూ. పాతనగరం నుంచి వచ్చి ఇక్కడ షాపు పెట్టుకున్న సాయిబు. ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో ఎవరి చక్రమో తిప్పుతున్నాడు.

‘ఏటి బావా ప్రాబ్లం?’ అన్నాడు. షాపుకి వచ్చినవాళ్ళందరూ ఆయనకు బావలే.

‘చప్పుడు.’

‘ఏం సౌండు? కిర్రా, టక్కా, గరగరా? కిర్రంటే నూనె అడుగుతంది. టక్కంటే పెడలు కాడ కాటరు వదులు. గరగరంటే లోపల బాల్సు పోయినట్టు.’

‘ట్చ్’ అన్నాను.

చక్రం ఆపి నా మొహంలోకి చూశాడు. ‘అదేటి బావా, పిల్లిని పిలిచినట్టు?’

‘అలాగే ఉంటుంది భాయ్.’

‘ట్చ్ అంటే మనిషి సౌండు. నోటితో చేసేది. నాలుక లేకుండా ఇనుము ట్చ్ ఎలగంటది?’

ఇలా అడిగేసి ఆయన తన పనిలో పడ్డాడు. పెడలు దగ్గర కాటరు పిన్ను బిగించాడు, చైనుకి నూనె వేశాడు, అక్కను తొక్కి చూడమన్నాడు. చప్పుడు తగ్గలేదు. ఇంకో రెండుచోట్ల బిగించాడు. తగ్గలేదు. ‘నాకు దొరకనేదు బావా, అబద్ధం ఎందుకు’ అని చెయ్యి దులిపేశాడు. ఆయనకు దొరకలేదు గానీ ఆయన అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు.

నిజమే కదా. ఆ చప్పుడికి ‘ట్చ్’ అని పేరు పెట్టింది ఎవరు? సైకిలు పెట్టలేదు. మేం పెట్టాం. పెట్టిన పేరులోనే తీర్పు ఉంది. కిర్రు అని ఉంటే నూనె డబ్బా కోసం వెతికేవాళ్ళం. టక్కు అని ఉంటే పానా వెతికేవాళ్ళం. ట్చ్ అన్నాం కాబట్టి మనిషి కోసం వెతికాం. తెలుగులో ప్రతి వస్తువు చప్పుడికీ ఒక మాట ఉంది, మా సాయిబు వరసగా మూడు చెప్పాడు. కానీ ఆ ఇంట్లో రెండు తరాల ఆడవాళ్ళకు ఒక చప్పుడే తమ పేరైపోయింది. అత్తయ్య తొలిసారి ఆ సైకిలు విన్నప్పుడు ఆవిడకు ఇనుము వినిపించలేదంటే ఆశ్చర్యమేముంది? ఆ చప్పుడు వింటూనే పొయ్యి దగ్గర్నుంచి లేచి వెళ్ళిన జీవితం ఆవిడది. పేర్లతో పిలుచుకునే ఇంట్లో ఏ సైకిలూ దయ్యం కాలేదు. అంతకన్నా చదువులేని ఇంట్లో కూడా కాలేదు. ఈ పొరపాటు ఆ ఇంటికే సాధ్యం, ఆ అలవాటుకే సాధ్యం.

‘అక్కా, ఈ పూట నుంచి దాన్ని ట్చ్ అనకు. టిక్ అను’ అన్నాను దారిలో.

‘ఏటంటే ఏటిరా?’

‘నా మాట విని ఒకసారి అను.’

‘టిక్కు’ అంది అక్క. కాస్త దూరం నడిచాక మళ్ళీ అంది, ‘టిక్కు.’ తనలో తను నవ్వుకుంది. ‘గోడ గడియారంలాగుంది.’

సంచిలో కుట్టిన జాకెట్లు ఉన్నాయి. ఎవరూ ముట్టుకోవద్దన్న సైకిలు మీదే టౌన్‌షిప్పుకి వెళ్ళింది అక్క. నేను ఇంటికి వచ్చి అత్తయ్య పెట్టిన టీ తాగుతూ కూర్చున్నాను. ఎండ వాలుతుండగా అక్క వచ్చింది. సైకిలు స్టాండు కూడా వేయకుండా, రొప్పుతూ, ‘ఒరే, దొరికింది’ అంది.

‘ఏమిటి?’

‘బ్రిడ్జి ఎక్కేకాడ తొక్కలేక సీటు మీంచి లేసి నిలబడి తొక్కినాను. టిక్కు నేదు. పైకెక్కి కూకున్నాను. టిక్కుమంది. మల్లీ లేసినాను. నేదు. నానిలగ లేసి కూకోని, లేసి కూకోని వత్తంటే రోడ్డు మీద అందరూ నాకేసే సూత్తన్నారు. అది నా కాళ్ళకి కాదురా వచ్చేది. నా కూకోడానికి వత్తంది.’

అంటే పెడలు కాదు, చైను కాదు, చక్రం కాదు. సీటు. చప్పుడు కింద నుంచి వస్తున్నట్టు వినిపించడానికి కారణం, ఇనుప గొట్టాల్లో అది ఎక్కడ పుట్టినా సైకిలంతా పాకడమే. మేం అందరం కిందే వెతికాం.

సైకిలు స్టాండు వేశాం. ‘అత్తయ్యా, ఇలా రండి’ అన్నాను. ‘రెండు చేతులూ సీటు మీద పెట్టండి. ఇప్పుడు బరువు ఒకసారి ఈ చేతి మీద, ఒకసారి ఆ చేతి మీద వేసి నొక్కండి.’

అత్తయ్య జంకింది. ‘నానెందుకు?’

‘నేను నొక్కితే నేనేదో మాయ చేశానంటారు. మీరే నొక్కండి.’

ఆవిడ కొంగు నడుముకి దోపి, రెండు అరచేతులూ సీటు మీద ఆనించి నొక్కింది.

ట్చ్.

చటుక్కున చేతులు తీసేసింది. సైకిలు మీద ఎవరూ లేరు. చక్రం కదల్లేదు. అక్క గడప మీద కూర్చుని ఉంది. అత్తయ్య మళ్ళీ చేతులు పెట్టింది. నొక్కింది. ట్చ్. ఇంకోసారి, ఇంకోసారి.

‘ఓరి నాయనో’ అంది. ‘నానే పిలుత్తన్నానేటి?’

పానా తెచ్చి బోల్టు వదులుచేసి సీటును గొట్టంతో సహా పైకి లాగేశాను. అప్పుడు కనిపించింది మాకు అసలు సంగతి. ఆ గొట్టం రెండు రంగుల్లో ఉంది. కింది సగం తళతళలాడుతోంది, నిన్న కొన్న గ్లాసులాగా. పై సగం తుప్పు పట్టి, గరుకెక్కి, పొక్కులు లేచి ఉంది. మధ్యలో గీసినట్టు ఒక గీత. బావ ఎత్తు మనిషి కదా. ఆయన ఉన్నన్నాళ్ళూ సీటు ఎత్తులో ఉండేది, కింది సగం సైకిలు లోపల భద్రంగా ఉండేది, పై సగం బయట ఉప్పుగాలి తింటూ ఉండేది. అక్క పొట్టి. అక్క కోసం సీటు దింపేసరికి ఆ తుప్పు పట్టిన భాగం లోపలికి దిగింది. తొక్కినప్పుడల్లా కూర్చున్న మనిషి బరువు అటూ ఇటూ మారుతుంది, తుప్పు లోపలి ఇనుముకి రాసుకుని టిక్కుమంటుంది. నేను సీటు లేపుకున్నప్పుడు తుప్పు మళ్ళీ బయటికి వచ్చేసింది, అందుకే నాకు వినిపించలేదు. పరీక్ష చేస్తున్నాననుకుంటూ పరీక్షించవలసిన దాన్నే నేను పక్కకు తీసేశాను.

అత్తయ్య ఆ గీత మీద వేలు పెట్టింది.

‘ఇక్కడిదాకా ఆడు’ అంది. వేలు కాస్త జరిపి, ‘ఇక్కణ్ణించి ఈ పిల్ల’ అంది.

తుప్పు గీకడానికి ఉప్పు కాగితం, రాయడానికి గ్రీజు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

‘ఉండు బాబూ. ఇంకొక్కపాలి లోపలెట్టు. నొక్కనీ.’

గొట్టం లోపల పెట్టి బిగించాను. ఆవిడ నొక్కింది. తల కాస్త వంచి విన్నది. మళ్ళీ నొక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తుడుచుకోలేదు.

‘ఆడిలాగే ఉంది గదా?’

‘అచ్చం బావలాగే ఉంది అత్తయ్యా’ అన్నాను. అది జాలితో అన్న మాట కాదు. నిజంగానే అలా ఉంది.

‘ఆడు కాదు గాని’ అంది ఆవిడ. ‘రాసెయ్ గ్రీజు.’

నా జీవితంలో ఎన్నో వేదికలు ఎక్కాను. పండితులతో వాదించాను, ప్రొఫెసర్లతో వాదించాను, నాలాంటి హేతువాదులతో ఇంకా ఎక్కువ వాదించాను. నలుగురి ఎదుట ‘నేను అనుకున్నది నిజం కాదు’ అన్న మనిషిని ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఓడినవాడు గొంతు సవరించుకుని వేరే విషయం ఎత్తుకుంటాడు. ఈవిడ పోగొట్టుకున్నది వాదన కాదు. వదిలేస్తే ఇక రోజూ వినిపించే కొడుకు గొంతును ఆవిడ తన చేత్తో పరీక్షించి, తన నోటితో కాదని చెప్పి, గ్రీజు రాయమంది. ఇంతకంటే పెద్ద మనసును నేను చూడలేదు. ఆ సాయంత్రం నన్ను ఆ వాకిట్లో ఉండనిచ్చినందుకు ఆవిడకు నేను రుణపడి ఉన్నాను. మాట్లాడొద్దు, కనిపెట్టు అని నన్ను పిలిచిన అక్కకు కూడా.

తుప్పంతా గీకి, గ్రీజు రాసి, సీటు అక్క ఎత్తుకి బిగించాం. అక్క సందు చివరిదాకా వెళ్ళి వచ్చింది. టైరు కింద ఇసుక నలిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. హ్యాండిలు మీది తాయెత్తు వంక చూశాను. అత్తయ్య పసిగట్టింది.

‘దాని జోలికెల్లకు. నువ్వు కట్టిందే గదా, ఉండనీ.’

ఆదివారం పెద్దాయన వచ్చాడు. తగరపువలస నుంచి రెండు బస్సులు మారి, తెల్లచొక్కా నలగకుండా. అత్తయ్య ఆయన ముందుకు ఎప్పుడూ రాదు. భర్తకు అన్న కాబట్టి తలుపు వెనక నిలబడి, కొంగు సవరించుకుని, రెండు మాటల్లో జవాబు చెప్పి లోపలికి పోయేది. ఆ రోజు వాకిట్లోకి వచ్చి సైకిలు పక్కన నిలబడింది.

‘సప్పుడు పోనాది బావగారూ. సీటు గొట్టం తుప్పు’ అంది.

‘నాను ఫోన్లో ఇన్నాను గదమ్మా. తుప్పేటి?’

‘ఫోన్లో ఇన్నారు. సీటు నొక్కి సూసినారా?’

‘నొక్కడానికి నానేటి మెకానిక్కునా?’

‘నాను మాత్రం మెకానిక్కునేటి? నొక్కినాను. తెలిసింది. మీరూ ఓపాలి నొక్కండి. ఇప్పుడేటీ పలకదు.’

ఆయన నొక్కలేదు. సైకిలుకు రెండడుగుల దూరంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. ‘సప్పుడు పోతే పోనాది. మొగుడు పోయి ఏడాదైనా తిరగనేదు. ఆడకూతురు మగోడి సైకిలెక్కి, ఆ బట్టలేసుకోని, టౌన్‌షిప్పంతా తిరగడమేటి? నలుగురూ ఏటనుకుంటారు?’

అత్తయ్య ఆయన్ని నిదానంగా చూసింది.

‘అయితే సప్పుడు గోల కాదన్నమాట మీది’ అంది.

నేను నోరు తెరవబోయాను. ఆ మాట తరవాత చెప్పవలసినవి నాకు చాలా ఉన్నాయి. అక్క నా చొక్కా వెనక నుంచి లాగింది. అత్తయ్యే మాట్లాడింది, గొంతు పెంచకుండా.

‘ఆ సీటు ఇంక ఆడి ఎత్తుకి లేవదు బావగారూ. ఈ పిల్ల ఎత్తుకి బిగించేసినాం. రోజూ ఎల్తాది, వత్తాది. మీరు కూకోండి, టీ తాగండి.’ తరవాత అక్క వైపు తిరిగి, ‘నువ్వెల్లు. టీచరమ్మ జాకెట్లు ఈ పూటకే కావాలంది’ అంది.

అక్క సంచి క్యారియరుకి కట్టి, అడ్డకమ్మి మీదుగా కాలు వేసి ఎక్కింది. సందు మలుపు తిరిగేదాకా మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఏ చప్పుడూ రాలేదు. పెద్దాయన టీ తాగాడు. మారాడని చెప్పను. చక్కెర ఎక్కువైందని మాత్రం అన్నాడు. వెళ్ళేటప్పుడు సైకిలు ఊసెత్తలేదు. దాన్ని కట్టి పట్టుకుపోవడానికి ఆయన వెంట తెచ్చుకున్న తాడు అరుగు మీదే మరిచిపోయాడు. అత్తయ్య దాంతో వాకిట్లో బట్టలు ఆరేసుకుంటోంది.

ఇది చదువుతున్న అయ్యా, మీతో ఒక పని ఉంది. మీ మెట్ల కిందో, వరండాలోనో ఒక సైకిలు ఉంటుంది. దాని సీటు ఎవరి ఎత్తుకి ఉందో ఇప్పుడే వెళ్ళి చూడండి. మీ ఎత్తుకి ఉంటుంది, లేదా మీ కొడుకు ఎత్తుకి. పానా తీసుకుని బోల్టు వదులుచేయండి. గొట్టం పూర్తిగా బయటికి లాగి తుప్పు గీకండి, గ్రీజు రాయండి. మీ ఇంట్లో గడప లోపలే ఉండిపోయిన ఆడమనిషిని పక్కన నిలబెట్టి, ఆవిడ నడుము ఎత్తుకి సీటు దించి బిగించండి. బిగించాక ఆ పానా కూడా ఆవిడ చేతికే ఇచ్చేయండి. లేవండి.